పేర్ల వెనక మనుషులు – 14: కార్నివాల్ అనే మాంసం మాట



కార్నివాల్ అన్న మాటలో మాంసం ఉంది. లాటిన్‌లో 'కార్నెమ్' అంటే మాంసం. 'లెవారే' అంటే ఎత్తేయడం, తీసేయడం. ఈ రెండూ కలిసి మధ్యయుగపు లాటిన్‌లో 'కార్నెలెవారే', 'కార్నెలెవారియమ్' అనే మాటలయ్యాయి. ఇటలీ జనం నోట్లో అరిగి 'కార్నెవాలే' అయింది. అక్కణ్ణుంచి ఫ్రెంచిలోకి, ఇంగ్లీషులోకి, చివరికి మన కాలేజీ ఫ్లెక్సీల మీదికి వచ్చింది. మాంసాన్ని కంచంలోంచి తీసి పక్కన పెట్టడం. అంతే దాని అర్థం.

ఈ మాట ఇప్పుడెందుకు ఎత్తుకున్నానంటే, ఈమధ్య ఒక కాలేజీలో ఫెస్ట్ జరిగింది. ఏ కాలేజీ అన్నది అనవసరం. గేటు మీద పెద్ద అక్షరాలతో 'కార్నివాల్' అని రాశారు. రంగు కాగితాలు, ముఖాలకు మాస్కులు, డీజే. ఫుడ్ స్టాళ్ళు పెట్టుకునే పిల్లలకు మాత్రం ముందురోజు సాయంత్రం ఒక సర్క్యులర్ వచ్చింది. మాంసాహారం అనుమతించబడదు అని. చికెన్ పకోడీ స్టాలుకి డబ్బులు కట్టి, నూనె డబ్బా కూడా కొనుక్కున్న ముగ్గురు పిల్లలు స్టాఫ్ రూముకొచ్చారు. వాళ్ళు గొడవ పెట్టుకోవడానికి రాలేదు. వాళ్ళలో ఒకమ్మాయి అడిగింది, "మేడమ్, అసలు కార్నివాల్ అంటే ఏంటి?" అని. పది నిమిషాల్లో నేను చెప్పిన జవాబు నాకే చాలలేదు. అందుకే ఈ వారం ఇది.

ముందు క్యాలెండర్ సంగతి. ఈస్టరుకి ముందు, ఆదివారాలు లెక్కలోకి తీసుకోకుండా, 40 రోజుల ఉపవాస కాలం ఉంటుంది. ఇంగ్లీషులో లెంట్. తెలుగు కతోలికులు తపస్సు కాలం అంటారు. లూథరన్, సి.ఎస్.ఐ. సంఘాల్లో శ్రమకాలం, శ్రమ దినాలు అంటారు. అది మొదలయ్యే రోజు విభూది బుధవారం, లేదా భస్మ బుధవారం. మధ్యయుగపు యూరప్‌లో ఆ రోజు నుంచి మాంసం బంద్. ఒక్క మాంసమే కాదు, గుడ్లు, పాలు, వెన్న, జున్ను కూడా కూడదనేవాళ్ళు. చేపలు మాత్రం తినొచ్చు. కాబట్టి బుధవారానికి ముందు ఇంట్లో ఉన్నదంతా వండుకు తినెయ్యాలి. ఇంగ్లండులో ఆ మంగళవారం పాన్‌కేకులు వేసుకునే అలవాటు గుడ్లూ వెన్నా ఖాళీ చెయ్యడానికి మొదలైందే. ఈ తినడం, తాగడం, వేషాలు, వీధుల్లో అల్లరి అంతా కలిసి కార్నివాల్.

ఇప్పుడు పేర్లు చూడండి. ఒక్కో దేశం ఇదే పండగని ఏమని పిలుచుకుందో.

గ్రీకులో 'అపోక్రియెస్'. మాంసానికి దూరం అని. చెక్ భాషలో 'మసోపుస్ట్'. మాంసాన్ని వదలడం. కాటలన్‌లో 'కార్నెస్టోల్టెస్', పాత స్పానిష్‌లో 'కార్నెస్టోలెండాస్'. తీసెయ్యాల్సిన మాంసాలు. రష్యాలో మాంసం వారం ముందే ఆగిపోతుంది, వెన్నకి ఇంకో వారం గడువుంటుంది, అందుకని ఆ వారం పేరే వెన్న మీద 'మాస్లెనిత్సా'. ఫ్రెంచిలో 'మార్డి గ్రా', కొవ్వు మంగళవారం. ఇంగ్లీషులో 'ష్రోవ్ ట్యూస్‌డే', పాపాలు ఒప్పుకునే మంగళవారం. పోర్చుగీసులో 'ఎంత్రూదు'. లాటిన్‌లో ప్రవేశం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది, అంటే ఉపవాస కాలంలోకి ప్రవేశం. పోర్చుగీసువాళ్ళు ఆ మాటని గోవాకి తెచ్చారు. కొంకణి క్రైస్తవులు ఇప్పటికీ తమ కార్నివాల్‌ని 'ఇంత్రుజ్' అనే అంటారు.

ఇన్ని పేర్లలో ఒక సంగతి కనపడుతుంది. ఒకటి రెండు తప్పిస్తే ఏదీ ఆ రోజు జనం చేసే పనిని చెప్పే పేరు కాదు. జనం తింటున్నారు, ఆడుతున్నారు, పాడుతున్నారు. పేరు మాత్రం రేపటి నిషేధం గురించి. తినేవాళ్ళ పండక్కి ఉపవాసం వైపు నిలబడినవాళ్ళు పెట్టిన పేరు అది. గుడి క్యాలెండర్ అయినా చర్చి క్యాలెండర్ అయినా, రాసేవాడి చేతిలోనే పేరు ఉంటుంది.

తెలుగు చదువుకున్నవాళ్ళకి ఇది కొత్తగా అనిపించకూడదు. మన తిండికి బజారులో ఉన్న పేరేంటి? నాన్-వెజ్. వెజ్ కానిది. జనాభాలో ఎక్కువమంది తినేదాన్ని, తక్కువమంది తినేది 'కానిది' అని పిలుస్తున్నాం. ఇంకా పాత మాట కావాలంటే 'నీచు' ఉంది. నీచు తింటారా అని అడుగుతారు అద్దె ఇళ్ళవాళ్ళు. అందులో వాసన, మాంసం, తక్కువతనం ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. చెవికి అన్నీ ఒకటే మాటగా వినపడతాయి. పెట్టినవాళ్ళకి కావాల్సిందీ అదే.

ఇక మూలాల గురించి. కార్నివాల్ పుట్టుక మీద రెండు కథలు బాగా తిరుగుతాయి. మొదటిది, 'కార్నె వాలే', అంటే మాంసమా ఇక సెలవు. వినడానికి ఎంతో బాగుంది. ఇంగ్లీషు కవి బైరన్ 1818లో అచ్చయిన 'బెప్పో' కావ్యంలో ఈ అర్థాన్నే చెప్పాడు. కానీ పాత రాతల్లో దొరికే రూపం కార్నెలెవారే. 'సెలవు' అనేది మాట అరిగిపోయాక జనం దానికి కట్టుకున్న అర్థం. మన ఊళ్ళ పేర్లకి రాముడు ఇక్కడ ఆగాడు, సీత ఇక్కడ కూచుంది అని స్థలపురాణాలు కట్టినట్టే ఇది కూడా.

రెండో కథ 'కార్రుస్ నావాలిస్', అంటే ఓడబండి. రోమన్ల కాలంలో మార్చి నెలలో ఐసిస్ దేవత ఓడని ఊరేగించే పండగ ఒకటుండేది. అపులేయస్ రాసిన 'బంగారు గాడిద' నవలలో దాని వర్ణన కూడా ఉంది. 19వ శతాబ్దపు పండితులు కొందరు ఈ ఊరేగింపునీ కార్నివాల్ బళ్ళనీ కలిపి, ఓడబండి నుంచే ఆ పేరొచ్చిందన్నారు. పోలిక ఉంది, కానీ ఒక మాట ఇంకో మాటగా మారిన జాడ లేదు. అయినా ఈ కథ చావదు. ఎందుకంటే పండక్కి రెండువేల ఏళ్ళ వంశవృక్షం దొరికితే దానికి మర్యాద పెరుగుతుందని మనుషుల నమ్మకం. కార్నివాల్ రోమన్ల 'సాటర్నేలియా' నుంచి వచ్చిందనే వాదన కూడా ఇలాంటిదే. యజమానులు బానిసలకి వడ్డించిన ఆ పండగకీ దీనికీ పోలికలున్నాయి. చలికాలం చివర వేషాలు వేసుకోవడం, తలకిందులు ఆటలు ఆడటం చాలా జాతుల్లో ఉంది. కానీ మనకి తెలిసిన కార్నివాల్ లెంట్ లేకుండా లేదు. నిషేధం ముందు, దాని అంచున పండగ.

కాబట్టి మూలం ఎంత పాతది అని కాకుండా, నిషేధం ఎవరి మీద పడింది, ఎవరు తప్పించుకున్నారు అని అడగాలి. దీనికి మాత్రం చరిత్రలో గట్టి జవాబులున్నాయి.

ఫ్రాన్సులో రువాన్ అనే ఊరుంది. అక్కడి పెద్ద చర్చికి 15వ శతాబ్దం చివర కట్టడం మొదలుపెట్టిన ఒక గోపురాన్ని వెన్న గోపురం అంటారు. లెంట్‌లో వెన్న తినడానికి అనుమతి కొనుక్కున్నవాళ్ళు కట్టిన సొమ్ముతో లేచిందని ఆ పేరు. డబ్బున్నవాడికి నిషేధం ఒక రుసుము. లేనివాడికి అది పాపం. మార్టిన్ లూథర్ 1520లో రాసిన పుస్తకంలో ఈ వెన్న అనుమతుల వ్యాపారాన్ని గట్టిగానే తిట్టాడు.

రెండేళ్ళకి, 1522 లెంట్‌లో, జ్యూరిక్‌లో ఇంకో సంగతి జరిగింది. క్రిస్టోఫ్ ఫ్రోషౌవర్ అనే ముద్రాపకుడి ఇంట్లో సాసేజిలు తిన్నారు. అంటే పేగుల్లో కూరిన మాంసం ముక్కలు. జ్వింగ్లీ పాస్టరు అక్కడే ఉన్నాడు, తాను తినలేదు. కేసయింది. ఫ్రోషౌవర్ చెప్పుకున్న సమాధానం నాకెప్పుడూ గుర్తుంటుంది. ఫ్రాంక్‌ఫర్ట్ సంతకి పౌలు పత్రికల పుస్తకం అచ్చేసి అందించాలి, పని విపరీతంగా ఉంది, ఉత్త జావ తాగి నా పనివాళ్ళు ఆ పని చెయ్యలేరు అన్నాడు. తర్వాత జ్వింగ్లీ తిండి విషయంలో మనిషికున్న స్వేచ్ఛ మీద ప్రసంగం చేసి అచ్చేశాడు. స్విట్జర్లాండులో మతసంస్కరణ మొదలైంది ఆ సాసేజి ముక్కల దగ్గరే అంటారు. అచ్చు యంత్రం తిప్పే కూలీకి మాంసం కావాలి. ఆ వాదన ఏ వేదాంతం కంటే తక్కువ కాదు.

ఇప్పుడు వీధిలోకి వద్దాం. ఎమ్మే చదివినవాళ్ళకి మిఖాయిల్ బఖ్తిన్ తెలుసు. రాబ్లే మీద ఆయన పుస్తకం 1965లో రష్యన్‌లో అచ్చయింది. కార్నివాల్లో పైవాడు కిందకీ, కిందివాడు పైకీ పోతాడని, నవ్వు అధికారాన్ని కూలుస్తుందని ఆయన చెప్పాడు. మన తెలుగు విమర్శలో కూడా ఈ మాటని తెగ వాడాం. నాకు ఆ పుస్తకం అంటే ఇష్టమే. కానీ అది చదివేటప్పుడు పక్కన రెండు తేదీలు పెట్టుకోండి.

ఒకటి 1466. పోప్ రెండో పాల్ రోమ్ కార్నివాల్‌ని నగరం నడివీధికి తెచ్చి పరుగు పందేలు పెట్టించాడు. గుర్రాల పందెం, గాడిదల పందెం, వాటితోపాటు యూదుల పందెం. రానురాను అది ఘోరంగా తయారైంది. యూదుల్ని పరిగెత్తించి, చూసే జనం గేలి చేసి, మీద చెత్త విసిరేవాళ్ళు. అది వాళ్ళ వినోదం. 1668లో పోప్ తొమ్మిదో క్లెమెంట్ దాన్ని ఆపాడు. ఊరికే ఆపలేదు, దానికి బదులుగా యూదులు ఏటా సొమ్ము కట్టాలన్నాడు. రెండువందల ఏళ్ళు ఒక జాతి అవమానం ఇంకో జాతికి పండగ. తలకిందులైంది ఎవరు? అప్పటికే కిందున్నవాణ్ణి ఇంకా కిందకి తొక్కారు.

రెండోది 1580. ఆగ్నేయ ఫ్రాన్సులో రోమాన్ అనే చిన్న పట్నం. పన్నులు కట్టక్కర్లేని పెద్దమనుషులు ఒకవైపు, పన్నుల బరువు మోసే చేతివృత్తులవాళ్ళు, రైతులు ఒకవైపు. ఆ ఏడాది ఫిబ్రవరిలో కార్నివాల్ వేషాల్లోనే రెండు పక్షాలూ ఒకళ్ళనొకళ్ళు ఎద్దేవా చేసుకున్నాయి. ఆ ఆటల మధ్యే పెద్దమనుషులు, చేతివృత్తులవాళ్ళ నాయకుడు జాన్ సెర్వ్‌ని చంపించారు. పోమియే అనేది ఆయనకి జనం పెట్టుకున్న పేరు. ఆయన మనుషుల్నీ వేటాడారు. చరిత్రకారుడు లె రువా లాదురీ దీని మీద 1979లో ఒక పుస్తకమే రాశాడు. వేషంలో రాజువి కావచ్చు. నిజంగా హక్కు అడిగితే మాత్రం కత్తి దిగుతుంది.

అంటే కార్నివాల్ ఉత్త మోసం అంటున్నానా? కాదు. దాన్ని తమది చేసుకున్నవాళ్ళున్నారు. వాళ్ళు ట్రినిడాడ్ నల్లజాతి జనం.

1783లో స్పెయిన్ రాజు ట్రినిడాడ్ దీవికి కతోలిక వలసదారుల్ని పిలిచాడు. ఫ్రెంచి తోటల యజమానులు బానిసలతో సహా వచ్చారు. వాళ్ళతోపాటు కార్నివాల్ వచ్చింది. దొరల బంగళాల్లో వేషాలు, విందులు. అందులో ఆ దొరలకి ఇష్టమైన వేషం ఒకటుంది. తోటలో పనిచేసే నీగ్రో బానిస వేషం. చెరకు తోట అంటుకుంటే రాత్రిపూట కొమ్ములు ఊది, కాగడాలు పట్టించి, కొరడా దెబ్బలతో బానిసల్ని మంట దగ్గరికి తోలేవాళ్ళు. దాని పేరు ఫ్రెంచిలో 'కాన్ బ్రూలే', కాలిన చెరకు. యజమానులు కార్నివాల్‌కి ఆ తోలకాన్ని అభినయించి నవ్వుకునేవాళ్ళు.

1834లో బానిసత్వం చట్టంలో పోయింది, 1838కి పూర్తి విడుదల దొరికింది. విడుదలైన జనం వీధిలోకొచ్చి అదే కాగడాలు, అవే కర్రలు, డ్రమ్ములు పట్టుకుని 'కాంబూలే' ఊరేగింపు చేశారు. కాన్ బ్రూలేనే వాళ్ళ నోట్లో కాంబూలే. యజమాని ఎగతాళి చేసిన మా కష్టాన్ని మేమే ఆడతాం, మీరు చూడండి అని. మర్యాదస్తులు అదిరిపోయారు. అసహ్యం అన్నారు, అశ్లీలం అన్నారు. 1881లో పోలీసు అధికారి కెప్టెన్ బేకర్ దాన్ని అణచబోతే పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వీధుల్లో జనం తిరగబడ్డారు. 1884లో కాంబూలేని నిషేధించారు. డ్రమ్ముల మీద ఆంక్షలొచ్చాయి. డ్రమ్ము లాక్కుంటే వెదురు బొంగులు నేలకి కొట్టి వాయించారు. తర్వాత పాత ఇనప డబ్బాలు, నూనె పీపాలు కొట్టి కొట్టి స్వరాలు తీశారు. ఇవాళ ప్రపంచమంతా వినే స్టీల్ పాన్ అలా పుట్టింది.

అదే 1884 అక్టోబరులో, అదే దీవిలో, శాన్ ఫెర్నాండో దగ్గర భారతీయ కూలీల మొహర్రం ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపి మనుషుల్ని చంపారు. అక్కడ దాన్ని హోసే అంటారు. బానిసత్వం పోయాక చెరకు తోటలకి 1845 నుంచి మన దేశం నుంచి కూలీల్ని తీసుకెళ్ళారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి, కొంతమంది మద్రాసు రేవు నుంచి. మద్రాసు ఓడలెక్కినవాళ్ళలో మన తెలుగు నోళ్ళు కూడా ఉన్నాయి. నల్లవాళ్ళ కాగడాకీ కూలీల తప్పెటకీ ఒకే ఏడాది, ఒకే ప్రభుత్వం అడ్డం పడింది. ఈ ముక్క మీ చరిత్ర నోట్సులో రాసుకోండి.

ఆ పండక్కి రెండు పేర్లున్నాయి గమనించండి. కార్నివాల్ అనేది ఉపవాసం పెట్టినవాళ్ళ పేరు. కాంబూలే అనేది కాలిన చేతుల పేరు.

మరి తెలుగు క్రైస్తవులకి కార్నివాల్ ఎందుకు లేదు? చాలామంది అడుగుతారు. మా దళితవాడలకి ఎక్కువగా వచ్చింది ప్రొటెస్టెంట్ మిషనరీలు. 1842లో గుంటూరుకి లూథరన్ హయ్యరు వచ్చాడు. ఒంగోలులో బాప్టిస్టు క్లౌ దొర. వెన్న గోపురాన్నీ వేషాలనీ కాదనుకున్న సంప్రదాయం వాళ్ళది. వాళ్ళ వెంట కార్నివాల్ రాలేదు. కానీ మాంసాన్ని పక్కన పెట్టడం మాత్రం ఇంకో దారిన మా దగ్గరికి వచ్చింది.

కరువు కాలం దాటుతుండగా, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది క్లౌ దగ్గర బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. చేరేవాళ్ళకి చెప్పిన నియమాలు మూడు. ఆదివారం పని చెయ్యకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. ఇది 40 రోజుల ముచ్చట కాదు. చచ్చిన గొడ్డుని ఊళ్ళోంచి మోసుకుపోవడం మా వెట్టి. ఆ మాంసమే కూలి కింద లెక్క. తినం అంటే మొయ్యం అన్నట్టు. జాతరకి డప్పు కొట్టం అన్నా అంతే. ఊళ్ళకి కోపమొచ్చింది అందుకే. మా పెద్దోళ్ళ మానేయడంలో పాపభయం కంటే పెద్దది ఒకటుంది, అది పని నిరాకరణ. అర్ధశతాబ్దం తర్వాత, 1927 మార్చిలో, మహాడ్‌లో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానెయ్యండి అన్నప్పుడు కూడా ఆయన అడిగింది శుద్ధి కాదు, ఆత్మగౌరవం.

అయితే ఆ తర్వాత కథ వేరే మలుపు తిరిగింది. అప్పుడు కొట్టం అన్న డప్పుని 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా ఉద్యమం జెండాలా ఎత్తుకుంది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో మన పిల్లలు పెద్దకూరని పండగలా వండి నలుగురిలో తిన్నారు, దాడులు ఎదుర్కొన్నారు. కొట్టమనడం, కొడతామనడం రెండూ ఒకటే పోరాటం. తినమనడం, తింటామనడం కూడా అంతే. వెట్టిగా కొట్టిన డప్పు వేరు, మనదిగా కొట్టిన డప్పు వేరు.

మా అమ్మమ్మ వాళ్ళు లూథరన్లు, నాయనమ్మ వాళ్ళు బాప్టిస్టులు. శ్రమ దినాలొస్తే అమ్మమ్మ కూర ముట్టేది కాదు. నలభై రోజులు పచ్చడి మెతుకులు. ఈస్టరు రోజు పొద్దున్నే ఆరాధన నుంచి వచ్చి పొయ్యి మీద దాకెక్కించేది. నాయనమ్మకి అవేం పట్టవు. "నేను మానిన రోజులు నా చిన్నప్పుడే అయిపోయినయ్ లేమ్మా, అప్పుడు మానడానికి ఇంట్లో ఏముందని," అనేది. ఇద్దరూ దేవుడికి భయపడేవాళ్ళే. ఇద్దరి మాటా నాకు గౌరవమే. అమ్మమ్మ మానింది, ఎందుకంటే మళ్ళీ తినే రోజు ఆమె చేతిలో ఉంది. నాయనమ్మ మానలేదు, ఎందుకంటే లేకపోవడాన్ని ఉపవాసం అని పిలవడం ఆమెకి ఇష్టం లేదు.

తినే హక్కు ఉన్నవాడు మానితే అది త్యాగం. ఇంకొకడు మాన్పిస్తే దానికి ఆచారం అని పేరుపెట్టినా, పరిశుభ్రత అని పేరుపెట్టినా, సర్క్యులర్ వేసినా అది నిషేధమే. కార్నివాల్ అనే మాట ఇన్ని శతాబ్దాలుగా ఈ తేడా మీదే నిలబడి ఉంది.

ఒక పని అడుగుతాను. మీ ఇంట్లో, మీ వాడలో మాంసానికి, దాని భాగాలకి, ఎండబెట్టిన తునకలకి, వండే తీరుకి ఉన్న పేర్లు మీ అవ్వల్ని, తాతల్ని అడిగి రాసిపెట్టండి. ఏ నిఘంటువులో ఉన్నా లేకపోయినా రాయండి. 'కానిది' అనే పేరు మనకొద్దు. మన పేర్లు మన దగ్గర ఉన్నాయి.

వచ్చే వారం ఇంకో పేరుతో కలుద్దాం. జై భీమ్.